21 దాటితే మైదానం దిగాలి: డ్రమ్ కోర్ పుట్టుపూర్వోత్తరాలు

మొదటి ప్రపంచయుద్ధం ముగిసి సైనికులు ఇళ్లకు చేరాక అమెరికాలో ఊరూరా మాజీ సైనికుల సంఘాలు వెలిశాయి. 1919లో అమెరికన్ లీజియన్ పుట్టింది. అంతకుముందే ఉన్న వెటరన్స్ ఆఫ్ ఫారిన్ వార్స్ సంఘం బలపడింది. దండులో బ్యూగిల్ ఊదిన నోరు, డ్రమ్ము వాయించిన చెయ్యి ఊరికే కూర్చోలేవు కదా. సైన్యానికి అక్కర్లేక మిగిలిపోయిన వాద్యాలు చవగ్గా దొరికాయి. ఊరేగింపు ఏదైనా ముందు నడిచేది వీళ్లే. పక్కూరి జట్టు కంటే తామే బాగా వాయిస్తామన్న పంతం తొందరగానే పుట్టింది. 1921లో కాన్సస్ సిటీలో జరిగిన లీజియన్ మహాసభల్లో జాతీయ పోటీ పెట్టారు. డ్రమ్ అండ్ బ్యూగిల్ కోర్, వాడుకలో డ్రమ్ కోర్, మొదలైంది అలా.

తండ్రుల ముచ్చట పిల్లలకు పాకడానికి ఎన్నో ఏళ్లు పట్టలేదు. చర్చిలు, స్కౌట్ దళాలు, లీజియన్ శాఖలు కుర్రాళ్లకు యూనిఫాంలు కుట్టించి జట్లు కట్టాయి. న్యూజెర్సీలోని గార్‌ఫీల్డ్‌లో 1934లో హోలీ నేమ్ చర్చి నీడన పుట్టిన జట్టే తర్వాతి రోజుల్లో గార్‌ఫీల్డ్ క్యాడెట్స్. మ్యాడిసన్ స్కౌట్స్ 1938 నాటిది. షికాగోలో డాన్ వారెన్ 1948లో స్కౌట్ దళం నుంచి క్యావలియర్స్‌ను తయారుచేశాడు. వయోమింగ్ రాష్ట్రంలోని క్యాస్పర్‌లో జిమ్ జోన్స్ 1957లో ట్రూపర్స్‌ను పెట్టి, వాళ్లకు పాతకాలపు అశ్వికదళం దుస్తులు తొడిగాడు. యుద్ధాలు ముగిసినా ఈ జట్ల నడకలో సైనిక పద్ధతి చాలాకాలం పోలేదు.

మన పెళ్లి ఊరేగింపు బ్యాండులో క్లారినెట్ లేకపోతే పాట నడవదు. డ్రమ్ కోర్‌లో క్లారినెట్‌కూ, శాక్సోఫోన్‌కూ చోటే లేదు. ఇత్తడి బూరాలు, డ్రమ్ములు, జెండాలూ రైఫిళ్లూ తిప్పే కలర్ గార్డ్, ప్రధానంగా ఇవే. ఫుట్‌బాల్ మైదానమంతా వాళ్ల రంగస్థలం. పది పన్నెండు నిమిషాల ప్రదర్శనలో వాయిస్తూనే నడవాలి, పరుగెత్తాలి, బొమ్మలు గీయాలి.

అసలు కష్టం బ్యూగిల్‌తోనే. కవాటం లేని గొట్టంలో ఎంత ఊదినా కొన్ని స్వరాలే పలుకుతాయి. మధ్యలోవి చేతికి చిక్కవు. అందుకే జి శ్రుతిలో ఉండే ఈ వాద్యానికి ముందు అడ్డంగా ఒక పిస్టన్ పెట్టారు. తర్వాత దానికి తోడు ఒక రోటర్ వచ్చింది. 1977లో రెండు నిలువు కవాటాలు, 1990లో మూడు. ప్రతి మెట్టు దగ్గరా నిబంధనల పుస్తకంతో పోరాటమే. చివరకు 2000 సంవత్సరం నాటికి ఏ శ్రుతిలోని ఇత్తడి వాద్యమైనా వాడుకోవచ్చన్నారు. దాంతో జి బ్యూగిల్ మైదానం నుంచి దాదాపుగా తప్పుకుంది. అయినా దాని గరుకైన, గుండెను తాకే మోత విన్న పాతవాళ్లు ఈ మాట ఎత్తితే ఇప్పటికీ ఊరుకోరు. వాళ్ల పట్టుదలలో న్యాయం ఉంది: ఆ వాద్యం చేతకానిదే కావచ్చు, ఆ చేతకానితనాన్ని జయించి వాయించిన పాట మరొకలా వినిపిస్తుంది.

మార్కుల పద్ధతీ సైనికమే. జట్టుకు ముందుగానే పూర్తి మార్కులుండేవి. న్యాయనిర్ణేతలు తప్పు కనబడ్డప్పుడల్లా పదోవంతు మార్కు చొప్పున కోసేవారు. దాన్నే ‘టిక్’ అనేవారు. అడుగు తప్పితే ఒక టిక్, డ్రమ్ము పుల్ల ఒకటి ఆలస్యంగా పడితే ఇంకొకటి. మైదానం ఒక చివరి నుంచి బయలుదేరాలి, జాతీయ జెండాకు గౌరవవందనం చేయాలి. నియమాలన్నీ మాజీ సైనికుల సంఘాలవే.

1971కి ఈ బిగువు తెగిపోయే దాకా వచ్చింది. వియత్నాం యుద్ధం నడుస్తున్న రోజులవి. క్యావలియర్స్ సర్కస్ ఇతివృత్తం ఎత్తుకుంది. గార్‌ఫీల్డ్ క్యాడెట్స్ పిల్లలు మైదానం మధ్య శాంతి చిహ్నం ఆకారంలో నిలబడ్డారు. మాజీ సైనికులు నడిపే పోటీలో యుద్ధం వద్దని చెప్పడమంటే మాటలు కాదు. అదే ఏడు పోటీల నిర్వహణ, నిబంధనలు, బహుమతి సొమ్ము తమ చేతికే రావాలని జిమ్ జోన్స్, డాన్ వారెన్ ముందుకొచ్చారు. ట్రూపర్స్, క్యావలియర్స్, మ్యాడిసన్ స్కౌట్స్, బ్లూ స్టార్స్, శాంటా క్లారా వ్యాన్‌గార్డ్ ఒక్కటయ్యాయి. తూర్పు తీరం జట్లూ అదే దారి పట్టాయి. ఫలితం డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్, అంటే డీసీఐ. 1972 ఆగస్టులో విస్కాన్సిన్‌లోని వైట్‌వాటర్‌లో తొలి ఛాంపియన్‌షిప్ జరిగింది. గెలిచింది కాలిఫోర్నియాకు చెందిన అనహైమ్ కింగ్స్‌మెన్.

అక్కడి నుంచి అభిమానుల జ్ఞాపకాల పెట్టె నిండడం మొదలైంది. గెయిల్ రాయర్ నడిపిన వ్యాన్‌గార్డ్ ‘ఫిడ్లర్ ఆన్ ది రూఫ్’ సంగీతానికి చేసే సీసాల నృత్యం కోసం జనం ఏడాదంతా ఎదురుచూసేవారు. అందరూ ఒక్కసారిగా కూలబడిపోయే బేయాన్ బ్రిడ్జ్‌మెన్ ముగింపు, వాళ్ల పొడవాటి పసుపు కోట్లు మరొక ముచ్చట. మ్యాడిసన్ స్కౌట్స్ 1988లో ‘మలగ్వేనా’ వాయించి గెలిచిన రాత్రిని పాత అభిమానులు నిన్నటిలా చెబుతారు.

1983లో మాత్రం ఆటే మారింది. గార్‌ఫీల్డ్ క్యాడెట్స్‌కు డ్రిల్ రాసిన జార్జ్ జింగాలీ తిన్నటి వరుసలనూ, ఎడమాకుడీ సమానంగా ఉండే ఆకారాలనూ పక్కన పెట్టాడు. వంపులు సాగుతూ ఒకదాన్లోంచి మరొకటి పుట్టేలా మనుషులను నడిపించాడు. ఆ ఏడు గెలిచిన క్యాడెట్స్ డీసీఐ కిరీటం తూర్పుకు తెచ్చిన తొలి జట్టు. 1984లోనూ, 1985లోనూ వాళ్లే. ఈనాడు ఏ మైదానంలో చూసినా కనబడే వంపు తిరిగిన ఆకారాల్లో జింగాలీ చెయ్యి ఉంది.

ఆ బొమ్మలు గీసేది ఎలాగో దగ్గరగా చూడాలి. ప్రతి సభ్యుడి దగ్గరా ఒక చిన్న నోటుపుస్తకం, దారం కట్టి మెడలోనో భుజానో వేలాడుతూ ఉంటుంది. అందులో తాను ఎన్నో లెక్కకు ఏ గజం గీతకు ఎన్ని అడుగుల దూరంలో ఉండాలో రాసి ఉంటుంది. 5 గజాలకు 8 అడుగులు వేయాలన్నది లెక్క. అంటే అడుగు అడుగుకూ 22.5 అంగుళాలు. ఎండలో రోజంతా ఆ అడుగే. నీళ్ల సీసా, చెమటకు ముడతలు పడ్డ పుస్తకం, మళ్లీ మొదటి నుంచి. రాత్రికి ప్రదర్శన, తర్వాత బస్సు, తెల్లవారాక ఏదో ఊరి హైస్కూలు జిమ్ము నేల మీద నిద్ర. వేసవంతా ఇదే వరస.

ఇంత చేసినా వయసు 21 దాటితే ఆ జట్టులో చోటుండదు. ఆఖరి ప్రదర్శనతో ‘ఏజ్ అవుట్’ అయిపోతారు. ఎంత గొప్ప వాయిద్యగాడైనా, ఎంత పేరున్న జట్టయినా ఇందులో మినహాయింపు లేదు. డ్రమ్ కోర్ చరిత్ర అభిమానుల చరిత్ర కూడా కావడానికి ఇదే ముఖ్య కారణం. యవ్వనమంతా పోసి నేర్చుకున్న విద్యను బలవంతంగా వదిలేసినవాళ్లకు మిగిలేవి రికార్డింగులు, ఫొటోలు, తోటివాళ్లు. మసాచుసెట్స్‌లోని రివియర్ ఊరి ఫ్లీట్‌వుడ్ రికార్డ్స్ వారి ఎల్‌పీలను వాళ్లు అరిగేదాకా విన్నారు. మ్యాడిసన్‌వాళ్లు ఎక్కడ కలిసినా ‘యూల్ నెవర్ వాక్ ఎలోన్’ అందుకుంటారు. క్యావలియర్స్‌కు ‘ఓవర్ ది రెయిన్‌బో’ జట్టు పాట.

సభ్యులేమిటి, జట్లే పోయాయి. డీసీఐ వచ్చాక దేశమంతా తిరిగి పోటీ పడితేగానీ నిలవలేని స్థితి ఏర్పడింది. చర్చి చందాలతో బతికే చిన్న జట్లకు అంత ఖర్చు భరించే శక్తి లేదు. ఒకప్పుడు వందల్లో ఉన్నవి కొద్ది డజన్లకు తగ్గాయి. 1980 శీతాకాల ఒలింపిక్స్ వేడుకల్లో ప్రదర్శన ఇచ్చిన రివియర్‌వారి ట్వంటీసెవెంత్ లాన్సర్స్ 1986తో ఆగిపోయింది. అయితే 1994లో ఛాంపియన్‌షిప్ తమ రాష్ట్రానికే, ఫాక్స్‌బరోకు వచ్చినప్పుడు పాత సభ్యులు మళ్లీ దుస్తులు వేసుకుని మైదానంలో నిలిచారు. తొలి విజేత కింగ్స్‌మెన్ కూడా ఎప్పుడో మూతబడింది. 2007లో పసడీనా ఫైనల్స్‌కు వాళ్ల పూర్వ సభ్యుల జట్టు వచ్చి వాయించింది. 1972 విజయానికి అప్పటికి 35 ఏళ్లు.

జ్ఞాపకమంటే అంతా తీపే కాదు. 2018లో క్యాడెట్స్‌ను ఏళ్ల తరబడి నడిపిన డైరెక్టర్ మీద పలువురు మహిళలు లైంగిక వేధింపుల ఆరోపణలు చేశారు. ఆయన తప్పుకోవలసి వచ్చింది. 90 ఏళ్ల ఆ జట్టు 2024లో మూతబడింది. మరోపక్క, మగవాళ్లకే పరిమితమైన మ్యాడిసన్ స్కౌట్స్ 2019లో అందరినీ చేర్చుకుంటామని ప్రకటించినప్పుడు పాతవాళ్లలో కొందరు మెచ్చుకున్నారు, కొందరు నొచ్చుకున్నారు. తాము ప్రేమించిన జట్టు తమ కాలంలో ఉన్నట్టే ఉండాలన్న కోరికను అర్థం చేసుకోవచ్చు; రేపటి పిల్లలకు అది అడ్డు రాకూడదు.

ఇంకో వైపు 2008 నాటి ఫాంటమ్ రెజిమెంట్ ‘స్పార్టకస్’ ప్రదర్శన ఉంది. ఫైనల్స్ రాత్రి వాళ్లు 98.100 తెచ్చుకున్న బ్లూ డెవిల్స్ జట్టును 98.125తో, అంటే 0.025 తేడాతో ఓడించారు. ఇలాంటివి చూసిన కుర్రాళ్లే మరుసటి శీతాకాలం ఆడిషన్లకు బారులు తీరతారు. అయితే గెలుపు ఒక్కటే జట్టును నిలబెట్టదు: 2018లో ఛాంపియన్‌గా నిలిచిన శాంటా క్లారా వ్యాన్‌గార్డ్ డబ్బు కష్టాలతో 2023 సీజన్‌కు రాలేదు, 2024కు తిరిగొచ్చింది.

21 దాటినా పుల్లలు కిందపెట్టలేనివాళ్ల కోసం 1960లలోనే డ్రమ్ కోర్ అసోసియేట్స్ అనే వేరే సంస్థ ఏర్పడింది. ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతాల్లో సాధన చేసే హాథోర్న్ కాబయెరోస్, రీడింగ్ బకనీర్స్ లాంటి జట్లు అందులోవే. 2024 నుంచి ఆ పోటీలను డీసీఐ తన కిందికే తీసుకుంది. ఒకప్పుడు ఏజ్ అవుట్ అయి వెళ్లిపోయినవాళ్లు ఇప్పుడు అదే సంస్థ న్యాయనిర్ణేతల ముందు మళ్లీ మార్కులకు పోటీ పడవచ్చు.