నిజాము రైల్వే: పోటీదారుని బాట పట్టిన సంస్థ

వాణిజ్య చరిత్ర వ్రాయువారు పోటీ యనగానే సాధారణముగా ఇరువురు వర్తకులను, ఒక సరకును, దాని ధరను ఊహింతురు. ధర తగ్గింపగలిగినవాడు నిలుచును. తగ్గింపలేనివాడు అంగడి కట్టివేయును. సికింద్రాబాదు కేంద్రముగా పనిచేసిన నిజాము ప్రభుత్వ రైల్వే చరిత్ర ఈ ఊహకు లొంగునది కాదు. తనకు పోటీగా రోడ్డుపై బయలుదేరిన మోటారు బస్సును ఎదిరించుటకు మారుగా 1932లో ఆ సంస్థ తానే బస్సులు నడుప మొదలిడినది. పదమూడేండ్ల పిమ్మట విమానముల విషయమునను అదే మార్గమును త్రొక్కినది. రైలు, బస్సు, విమానము అను మూడు వాహనములును ఒకే యాజమాన్యపు నీడన నిలుచుట మన దేశ చరిత్రలో మిక్కిలి అరుదైన విషయము. ఈ నీతి యెట్లు రూపొందినది, అందు సంస్థ యొక్క ప్రజ్ఞ యెంత, దానికి అండగా నిలిచిన రాజదండము యొక్క బలమెంత అను ప్రశ్నలను ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి.

ముందుగా ఈ సంస్థ పుట్టుక తెలియవలయును. మూడవ నిజాము సికందర్ జా పేర 1806లో సికింద్రాబాదు అను పేరు పొందిన ఈ ప్రదేశము ఇంగ్లీషువారి సైనిక స్థావరము. జనులు నేటికిని దీనిని 'లష్కరు' అందురు; ఆషాఢమాసపు బోనాలకు కూడ లష్కరు బోనాలనియే పేరు. బొంబాయి నుండి వచ్చు ప్రధాన మార్గముతో వాడి వద్ద కలియునట్లు నిర్మించిన రైలుదారి 1874లో సికింద్రాబాదు చేరినది. రాజధాని నగరమును ప్రక్కన నుంచి దండు విడిసిన చోటికి రైలు పోవుట గమనింపదగినది. నాంపల్లిలో హైదరాబాదు స్టేషను 1907 వరకు ఏర్పడలేదు. ధనము నిజాముది, ప్రయోజనము ముఖ్యముగా దండుది అని యనిన అతిశయోక్తి కాదు.

1883లో ఈ మార్గము లండనులో ఏర్పడిన ఒక కంపెనీ వశమైనది. దాని పేరులోనే 'గ్యారంటీ' యను మాట యున్నది. పెట్టుబడిపై నూటికి 5 వంతున ఇరువది సంవత్సరముల పాటు వడ్డీ ముట్టునట్లు నిజాము ప్రభుత్వము పూచీ పడినది. పలువురు కలిసి చేయు వ్యాపారమునకు మన ధర్మశాస్త్రకారులు 'సంభూయ సముత్థానము' అని పేరిడి, పెట్టుబడి ననుసరించి గాని ముందుగా చేసికొనిన సమయము ననుసరించి గాని లాభనష్టములను పంచుకొనవలయునని నిర్ణయించిరి. గ్యారంటీ పద్ధతిలో లాభము కంపెనీదే. నష్టము మాత్రము ప్రజల ఖజానాది. దీనిని భాగస్వామ్యమని పిలుచుట మా దృష్టిలో మాటను దుర్వినియోగపరచుటయే. ఆ కాలమున ఈ విషయమును గుర్తించినవారు లేకపోలేదు. చాందా రైల్వే ప్రతిపాదనపై ప్రజలకు వివరములు తెలుపవలెనని కోరిన వారిలో ప్రముఖుడైన అఘోరనాథ చట్టోపాధ్యాయుని 1883లోనే రాజ్యము నుండి వెడలగొట్టిరి. ఆయన సరోజినీ నాయుడు తండ్రి. హైదరాబాదు రాజ్యమున ఆధునిక ప్రజాందోళనకు ఆరంభము ఒక వ్యాపార ఒప్పందమును గూర్చిన ప్రశ్నతో జరిగినదన్న మాట.

పూచీ యున్న కాలమున కంపెనీకి పోటీ భయము లేదు. మార్గములు మాత్రము పెరిగినవి: 1889 నాటికి బెజవాడ వరకు, శతాబ్ద్యంతమున గోదావరీ లోయ మీదుగా మన్మాడు వైపునకు. 1893లో లాలాగూడలో కర్మశాల వెలసినది. తరతరములుగా సికింద్రాబాదు పరిసర గ్రామముల వారికి యంత్రవిద్య నేర్పినది ఈ కర్మశాలయే.

కథ మలుపు తిరిగినది 1930 ఏప్రిలు 1న. ఆ దినమున నిజాము ప్రభుత్వము కంపెనీ నుండి రైల్వేను కొనివేసినది. అది ప్రపంచమంతట ఆర్థికమాంద్యము వ్యాపించుచున్న కాలము. మొదటి ప్రపంచ యుద్ధానంతరము మోటారు వాహనము చవుకయై, దేశమంతట చిన్న పెట్టుబడిదారులు ఒకటి రెండు బస్సులు కొని తిప్పుచుండిరి. వారికి పట్టాలు వేయు ఖర్చు లేదు, స్టేషనులు కట్టు ఖర్చు లేదు. రోడ్డు వేయునది ప్రభుత్వము. జనులు ఎక్కడ చేయెత్తిన అక్కడ బస్సు నిలుచును. రైలు తన స్టేషనుననే నిలుచును. మూడు నాలుగు క్రోసుల దూరము నడచి స్టేషను చేరవలసిన రైతునకు ఊరి ముంగిట నిలిచిన బస్సు ప్రియమగుటలో వింత యేమున్నది?

ఇదే చిక్కు ఇంగ్లండులో కొంత ముందుగా వచ్చినది. అచ్చటి నాలుగు పెద్ద రైల్వే కంపెనీలు 1928లో పార్లమెంటు నుండి అధికారము పొంది, చాలవరకు తామై బస్సులు నడుపక, నడుచుచున్న బస్సు కంపెనీలలో వాటాలు కొనినవి. అనగా పోటీదారునితో పొత్తు కుదుర్చుకొనినవి. బ్రిటిషిండియాలో 1932లో మిచెల్, కర్క్‌నెస్ అను ఇరువురు అధికారులు రైలు-రోడ్డు పోటీని విచారింప నియుక్తులైరి. వారి నివేదిక 1933లో వెలువడినది. ఆ విచారణ ముగియక మునుపే, 1932 జూనులో, నిజాము రైల్వే 27 బస్సులతో 166 మంది ఉద్యోగులతో తన రోడ్డు రవాణా శాఖను తెరచినది. దేశమున ప్రభుత్వ యాజమాన్యమున నడచిన బస్సు రవాణాకు ఇది మొదటిదిగా ప్రసిద్ధి.

ఈ రెండంకెలను కొంచెము నిదానించి చూడవలయును. బస్సు ఒకటికి ఆరుగురికి పైగా ఉద్యోగులు. బస్సు నడుపుటకు ఒక డ్రైవరు, ఒక కండక్టరు చాలును. మిగిలినవారు ఎందుకు? మరమ్మతు, టికెట్టు, లెక్క, తనిఖీ, వేళల పట్టిక, ఇవియన్నియు మనుష్యులను కోరును. రైల్వే అరువది ఏండ్లుగా అలవరచుకొనిన క్రమశిక్షణ ఇట్లు రోడ్డు మీదికి దిగినదని మా తలంపు. బస్సులు స్కాట్లండు దేశపు ఆల్బియన్ కంపెనీవి. ధనమున్న వాడెవ్వడైనను వానిని తెప్పించుకొనగలడు. యంత్రము క్రొత్తది కాదు. బస్సు నిండినను నిండకున్నను చెప్పిన వేళకు కదలుటయే క్రొత్త. నవకల్పన యనగానే యంత్రమును వెదకు మన పరిశోధక విద్యార్థులు ఈ భేదమును మరువరాదు.

అయినను చిత్రమునకు రెండవ ప్రక్క యున్నది. 1930 తరువాత రైల్వేకు యజమాని ప్రభుత్వము. రోడ్డుపై బస్సు నడుపుటకు అనుమతి నిచ్చునదియు ప్రభుత్వమే. ఆటలో దిగిన వాడే తీర్పరియైనప్పుడు ఎదుటి పక్షము గెలుచుట కల్ల. రైల్వే చేపట్టిన మార్గములలో ప్రైవేటు బస్సులకు చోటు క్రమముగా తగ్గిపోయినది. ఆంగ్లేయ రైల్వేలకు లేని ఈ సౌకర్యమే పొత్తు అవసరము లేకుండ చేసినది. కొనవలసిన వాటా యేదియు లేదు, మార్గము నుండి తొలగించిన చాలును. తెలుగున 'గుత్త' యను మాట పూర్వము పన్నుల వసూలు హక్కునకు వాడుక. గుత్తకు తీసికొనినవాడు ప్రభువునకు ముందే సొమ్ము కట్టెడివాడు. ఇచ్చట ప్రభువే గుత్తదారు. నిజాము రోడ్డు రవాణాను పొగడువారు దాని నిర్వహణ సామర్థ్యమును, ఈ అధికార బలమును ఒకే త్రాసులో వేసి తూచుచున్నారు. మా అభిప్రాయమున అవి వేరువేరుగా తూచదగినవి. సామర్థ్యము లేనిచో అధికార మొక్కటే దూరపు పల్లెకు వేళకు బస్సును చేర్పజాలదు. అధికారము లేనిచో సామర్థ్యము పోటీకి నిలిచెడిదో లేదో పరీక్షించు అవకాశమే రాలేదు.

నిజమైన పొత్తులు తరువాత వచ్చినవి. 1929లో ఏర్పడిన పారిశ్రామిక ట్రస్టు నిధి పక్షమున ప్రభుత్వము, అల్లాఉద్దీన్ కంపెనీ కలిసి 1942లో హైదరాబాదు ఆల్విన్ మెటల్ వర్క్స్‌ను స్థాపించిరి. 'ఆల్విన్' అను పేరు అల్లాఉద్దీన్ పేరు నుండి పుట్టినదే. యుద్ధకాలమున విదేశములనుండి సామగ్రి వచ్చుట దుర్లభమైన వేళ స్థానికముగా లోహపు పని చేయు సంస్థ లేచుట కాలోచితము. విదేశపు ఛాసీపై ఇచ్చటనే బస్సు దేహమును కట్టు విద్య ఈ సంస్థకు కీర్తి తెచ్చినది; జంటనగరముల వీథులలో చిరకాలము తిరిగిన రెండంతస్తుల బస్సులు దాని చేతి పనియే. శీతలయంత్రములు, గడియారములు పిమ్మటివి.

విమానముల విషయమున పొత్తు మరింత ఆసక్తికరము. 1932 అక్టోబరు 15న జె. ఆర్. డి. టాటా కరాచీ నుండి బొంబాయికి టపా విమానము నడిపెను. అదే మార్గము బళ్లారి మీదుగా మద్రాసు చేరినది. కొలది కాలమునకే బళ్లారికి బదులు హైదరాబాదు మజిలీ యైనది. రైల్వే బస్సులు మొదలైన సంవత్సరమే ఆకాశమునను దారి తెరచుకొనినదన్న మాట. 1945లో నిజాము ప్రభుత్వము, టాటావారు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించిరి. అధిక వాటా రైల్వే ద్వారా ప్రభుత్వమునదే. సికింద్రాబాదునకు కూతవేటు దూరమున నున్న బేగంపేట దాని కేంద్రము. బస్సును తానే నడిపిన రైల్వే విమానమునకు తోడు వెదకుటకు కారణము స్పష్టము. విమాన విద్య లాలాగూడలో దొరకునది కాదు. అది టాటాల వద్ద కలదు. దక్కను గగనమున మార్గహక్కు నిజాము వద్ద కలదు. ఒకరి లోటును ఒకరు పూరించుకొనిరి. ఇంగ్లండు రైల్వేలు 1934లో ఇంపీరియల్ ఎయిర్‌వేస్‌తో చేసికొనిన ఒప్పందము ఇట్టిదే. డకోటా విమానములతో నడచిన ఈ చిన్న సంస్థయే, ఇతర కంపెనీలు స్త్రీ యని నిరాకరించిన ప్రేమ్ మాథుర్‌కు పైలటు ఉద్యోగ మిచ్చినది.

రాజ్యము భారతదేశమున విలీనమైన తరువాత ఈ మూడు శాఖలు మూడు త్రోవల పోయినవి. రైల్వే 1950లో కేంద్ర ప్రభుత్వపరమై మరుసటి యేట మధ్య రైల్వేలో చేరినది; సికింద్రాబాదు మరల ఒక రైల్వే మండలమునకు ముఖ్యస్థానమగుటకు 1966 అక్టోబరు 2 వరకు ఆగవలసి వచ్చినది. రోడ్డు రవాణా శాఖ 1951 నవంబరులో హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వము క్రిందికి వచ్చి, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థయైనది. ఆ బస్సుల సంఖ్యాఫలకముపై 'జడ్' అక్షరము నిజాము తల్లి జహ్రా బేగము పేర వచ్చినదని జనశ్రుతి. జనశ్రుతిగానే దానిని స్వీకరింతము. దక్కన్ ఎయిర్‌వేస్ 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయినది.

ఒకే ఇంట పెరిగిన రైలు, బస్సు ఇట్లు దాయాదులైనవి. వరంగల్లు పోవు ప్రయాణికుని కొఱకు అవి మరల ఒకదానితో నొకటి పోటీపడసాగినవి. సికింద్రాబాదు స్టేషనులో రైలు దిగి బస్సెక్కవలసిన వాడు నేడు వీథి దాటి రేతిఫైల్ బస్సు స్టేషనుకు పోయి మరియొక టికెట్టు కొనుచున్నాడు.