నాయుడుబావ తలపోత

ఏలూరికి దాపున, కొల్లేటి సీమలో, వసంతవాడ అనే గ్రామం ఉన్నది. నండూరి వెంకట సుబ్బారావుగారు 1895లో అక్కడ జన్మించారు. కాని యెంకి పుట్టినది అక్కడ కాదు, మద్రాసులో. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో గాని ఏర్పడలేదు. అంతకు ముందు న్యాయశాస్త్రం చదువదలచిన మన కోస్తా యువకులకు మద్రాసే శరణ్యం. 1917-18 ప్రాంతంలో, క్రైస్తవ కళాశాల విద్యార్థిగా ఉన్న సుబ్బారావుగారికి ఒకనాడు ట్రాము బండిలో పోతూ ఉండగా తొలి పల్లవి స్ఫురించినదని చెబుతారు. ఆ ట్రాములు 1953లో ఆగిపోయినవి. పల్లవి నిలిచినది.

ట్రాము గంటల నడుమ పల్లెటూరి పడుచు గుర్తుకు రావడం వింతగా తోచవచ్చును. చేనూ కాలువా కంటి ఎదుట ఉన్నవానికి వాటిమీద పాట కట్టవలసిన అవసరం ఏమున్నది?

ఈ సంపుటిలో అందరికీ నోటికి వచ్చిన పాట ఒకటి ఉన్నది. అటువంటి పిల్ల మరి లేదనీ, ఆమె ఇక తన వంకకు రాదనీ నాయుడుబావ మొదటనే చెప్పివేస్తాడు. ఎందుకు రాదో చెప్పడు. మరణించినదా, మరొకరి ఇల్లాలయినదా, అలిగినదా? తెలియదు. తరువాత అంతా ఆమె మెడలోని పూసలు, తలలోని పూలు, కన్నెత్తి చూచిన చూపు, పాడిన పదాలు, చెప్పిన కతలు. దుఃఖం పల్లవిలోనే ఉన్నది, చరణాలన్నీ సంబరమే. ప్రతి చరణం ముగియగానే మళ్ళీ పల్లవికి రాక తప్పదు గదా! పోయినదానిని తలచుకొని మురిసే మనస్సు సరిగా ఇట్లాగే తిరుగుతుంది.

అంతకు కొద్ది ఏండ్ల ముందే రాయప్రోలు సుబ్బారావుగారు 'తృణకంకణం' వ్రాశారు. అందులోనూ చేజారిన తొలివలపే కథావస్తువు. అయితే అక్కడ ఆ ప్రేమ స్నేహంగా పరిణమించి ఊరట పొందుతుంది. నాయుడుబావకు ఆ సిద్ధాంతం తెలియదు, ఆ ఊరటా లేదు. మన పదసాహిత్యంలో విరహం తరుచుగా నాయిక పాలిటిది. ఇక్కడ ఒక మోటు మగవాడు సిగ్గుపడకుండా బెంగపెట్టుకున్నాడు, అదీ తన ఇంటి మాటలలో. పంచాగ్నుల ఆదినారాయణశాస్త్రిగారి వంటి పండితులు ఆ భాషను ఆక్షేపించారు. అదే బెంగను గ్రాంథికంలో చెప్పి చూడండి, నాయుడుబావ మాయమై ఎవరో రాజకుమారుడు నిలుస్తాడు.

మరొక ముచ్చట. యెంకి అంటే వెంకి. కవిగారి పేరులోనూ వెంకటుడు ఉన్నాడు. తన పేరును నాయుడుబావకు గాక ఆమెకు ఇచ్చారు. ఇది బుద్ధిపూర్వకమో కాదో గాని, యెంకి ఎవరని వెదికేవారు ఒక్క క్షణం ఇక్కడ ఆగవచ్చును.

సుబ్బారావుగారు తిరిగి వచ్చి ఏలూరిలో న్యాయవాదిగా స్థిరపడ్డారు, 1957లో కీర్తిశేషులయ్యారు. తరువాతి 'కొత్త పాటల'లో తాత్త్వికచ్ఛాయలు చిక్కబడినవి. వాటికీ అభిమానులున్నారు; నాకు మాత్రం ట్రాము నాటి పాటలే ప్రియం.

విజయవాడ ఆకాశవాణి 1948 డిసెంబరు 1న ప్రారంభమైనది. శ్రీరంగం గోపాలరత్నంగారు మా కేంద్రం నుంచి యెంకిపాటలు పాడగా ఎందరో విన్నారు. నాయుడుబావ బెంగ ఆ విధంగా ఒక స్త్రీ గొంతుతోనే మన ఇండ్లకు చేరినది.