ట్రాకుల ధ్వనిమట్టం: పళ్లెముల నాటినుంచి

పాట వింటున్నప్పుడు గాయకుని గొంతు వెనుక తబలా, వీణ, వయొలిన్లు ఒకదానినొకటి మింగివేయకుండా వినబడటం మనకు సహజంగానే తోస్తుంది. నిజానికి ఒక్కొక్క ట్రాకును ఏ మట్టంలో ఉంచవలెనో ఎవరో నిర్ణయించినారు. ఒకప్పుడు ఆ నిర్ణయానికి తిరుగు లేదు.

1948లో లెస్ పాల్ అనే అమెరికన్ గిటారు విద్వాంసుడు ‘లవర్’ అనే రికార్డులో ఎనిమిది గిటార్లనూ తానే వాయించి వినిపించినాడు. పళ్లెం మీద ఒక గిటారును ముద్రించి, దానిని మ్రోగిస్తూ రెండవది వాయించి, రెండింటినీ కలిపి ఇంకొక పళ్లెం మీదికి ఎక్కించేవాడు. అట్లా కలిసినవి పాలూ నీళ్లూ వంటివి. మొదటి గిటారు కాస్త హెచ్చయినదని చివరి పళ్లెం దగ్గర తోచినా మళ్లీ మొదటినుంచి రావలసిందే. పైగా ప్రతి నకలుతోనూ గరగర పెరుగుతుంది. మట్టం తగ్గిస్తే సంగీతం ఆ గరగరలో మునుగుతుంది. హెచ్చిస్తే ధ్వని చిట్లుతుంది. 1957లో ఆంపెక్స్ కంపెనీవారి ఎనిమిది ట్రాకుల టేపు యంత్రం ఆయన చేతికి వచ్చిన తరువాత గాని వాద్యాలను వేరువేరుగా నిలుపుకొని, పొందికను తీరికగా చూచుకొనే వీలు కలుగలేదు.

మట్టం కొలవటానికి అప్పటికే వి.యు. మీటరు ఉన్నది. బెల్ ప్రయోగశాల, సి.బి.ఎస్., ఎన్.బి.సి. రేడియో సంస్థలు కలిసి 1939 ప్రాంతంలో దానిని రూపొందించినవి. దాని ముల్లు స్థిరమైన స్వరాన్ని పూర్తిగా చూపటానికి సుమారు 0.3 సెకండు పడుతుంది. మద్దెల దెబ్బ అంతలోనే వచ్చి పోతుంది! అయినా టేపు ఓర్పు గలది. హద్దు మీరిన ధ్వనిని క్రమంగా నొక్కుతుందే గాని ఒక్కసారిగా కోయదు.

నేటి అంకెల ముద్రణకు ఆ ఓర్పు లేదు. సున్న డెసిబెల్ పైకప్పు. మామూలు 16, 24 బిట్ల ఫైలులో దానిని మించిన అలకు తల తెగుతుంది. కాని క్రింద చోటు విస్తారం: బిట్టుకు సుమారు 6 డెసిబెల్ చొప్పున 16 బిట్లకు 96, 24 బిట్లకు 144. కనుక శిఖరాలు సున్నకు పది డెసిబెల్ దిగువన నిలిచినా నష్టం లేదు. ఐనా గరగర నాటి భయమేమో, నేపథ్య వాద్యాలను మిక్సింగుకు పంపేటప్పుడు కొందరు ప్రతి ట్రాకునూ పైకప్పు దాకా లేపుతారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని ఎనిమిది సమాన ధ్వనులు కలిస్తే మట్టం 9 డెసిబెల్ పెరుగుతుంది. ఇంజనీరు ముందుగా అన్నింటినీ దించుకోవలె. అది చిన్న చిక్కే. తంబూరా, డోలు ఒకే ఎత్తుకు వచ్చి స్వరకర్త కూర్చిన పొందిక చెరిగిపోవటం పెద్ద నష్టం. తాను విన్న మట్టంలోనే, అన్ని ట్రాకులూ ఒకే క్షణంనుంచి మొదలయ్యేట్లు పంపితే, అవతల మీటలన్నీ సున్న దగ్గర నిలుపగానే పాట తొలిరూపం వినబడుతుంది. ఇంజనీరు తన పనిని అక్కడినుంచి ఎత్తుకుంటాడు.