బీరు జబ్బు - హాన్సెన్ ఈస్టు

1883వ సంవత్సరమున కోపెన్‌హేగన్ నగరము చెంతనున్న కార్ల్స్‌బర్గ్ కర్మాగారమునకు పెద్ద చిక్కు వచ్చిపడినది. ఎప్పటి బార్లీయే, ఎప్పటి పనివారే. కాని బీరు మాత్రము దుర్వాసన కొట్టుచు చేదెక్కినది. ఐరోపాలో ఇది కొత్త కాదు. దీనికి ‘బీరు జబ్బు’ అనియే పేరు. మద్యపానపు మంచి చెడ్డలు ఇచట అప్రస్తుతము. ఆ జబ్బును కుదుర్చబోయి మానవుడు సూక్ష్మజీవులను గురించి ఏమి నేర్చెనన్నదే మన విషయము.

మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీని దంచి వేడినీట నానబెట్టినచో, గింజలోని పిండి చక్కెరగా మారును. ఆ తీపి రసమును హాప్సు అను తీగ పూలతో కాచి, చల్లార్చి, ఈస్టు కలుపుదురు. ఈస్టు చక్కెరను తిని ఆల్కహాలును, కార్బన్ డయాక్సైడును విడుచును. తొట్టి అడుగున మిగిలిన ఈస్టును తీసి మరుసటి తొట్టికి వాడుదురు. మన ఇండ్లలో నేటి పెరుగు రేపటి పాలకు తోడగుట వంటిదే ఇది. తోడు చెడినచో పెరుగు వరుసగా చెడును గదా!

కార్ల్స్‌బర్గ్ వారి ‘తోడు’ జర్మనీలోని మ్యూనిక్ నుండి వచ్చినది. చల్లని నేలమాళిగలలో, తొట్టి అడుగున చేరి పనిచేయు ఆ ఈస్టును జె. సి. జాకబ్‌సెన్ 1845లో తెప్పించుకొని, 1847లో కర్మాగారము స్థాపించెను. 1875లో దాని ప్రక్కనే ఒక ప్రయోగశాల కూడ నెలకొల్పి, అచట తేలిన ముఖ్య ఫలితమేదియు రహస్యముగా నుంచరాదని నియమము విధించెను. ఒక వ్యాపారి తనకు తానే విధించుకొనిన నియమమిది!

ఆ ప్రయోగశాలలో చేరిన ఎమిల్ క్రిస్టియన్ హాన్సెన్ బీదకుటుంబములో పుట్టి, యౌవనమున ఇండ్లకు రంగులు వేసి బ్రతికినవాడు. శిలీంధ్రములపై రచించిన వ్యాసమునకు 1876లో బంగారు పతకము పొందెను. అదే సంవత్సరము పాశ్చర్ తన బీరు గ్రంథమును ప్రకటించి, బీరు చెడుటకు బాక్టీరియా కారణమని చెప్పెను. హాన్సెన్ అంతటితో తృప్తిపడలేదు. కొన్ని ఈస్టులు కూడ శత్రువులేయని ఆయన అనుమానము. అయితే మంచి ఈస్టును, చెడ్డ ఈస్టును సూక్ష్మదర్శినిలో ఆకారమును బట్టి పోల్చుట సాధ్యము కాదు. అందుచే ఒక్క కణముతోనే మొదలుపెట్టవలెనని ఆయన నిశ్చయించెను.

ఈస్టు కణములను లెక్కించి, రెండు చుక్కలకు ఒక కణము చొప్పున వచ్చునట్లు నీటితో పలుచన చేసెను. పోషకద్రవముగల ఫ్లాస్కులలో ఒక్కొక్క చుక్క వేసి, కుదిపి, కదల్చక ఉంచెను. కొన్నిటిలో ఏమియు పెరుగలేదు. కొన్నిటిలో రెండు మూడు తెల్లని మచ్చలు కనిపించెను. ఒకే మచ్చ ఏర్పడిన ఫ్లాస్కులోని ఈస్టంతయు ఒక్క కణపు సంతానమే! ఎంత సులువైన ఉపాయము! ఇట్లు వేరుచేసిన ఈస్టులలో ఒకటి మాత్రమే మంచి బీరునిచ్చినది. 1883 నవంబరులో కర్మాగారము దానితో పని ప్రారంభించెను. జబ్బు కుదిరినది. జాకబ్‌సెన్ ఆ ఈస్టును దాచుకొనక, అడిగిన ఇతర కర్మాగారములకు ఉచితముగా పంపెను.

దీనికి తరువాత సాకరోమైసిస్ కార్ల్స్‌బర్గెన్సిస్ అను పేరు వచ్చినది. ఇది నిజమునకు రెండు జాతుల సంకరము. ఒకటి రొట్టెలకు వాడు ఈస్టే. చలిని ఓర్చు రెండవదానిని 2011లో దక్షిణ అమెరికాలోని పటగోనియా అడవులలో, చెట్ల బుడిపెలపై కనుగొనిరి.

అయితే శుద్ధ ఈస్టు అందరికి నచ్చలేదు. ఇంగ్లండులో నెలల తరబడి పీపాలలో నిలువయుంచు బీరుకు దానివలన పూర్వపు రుచి రాలేదు. కారణమును కార్ల్స్‌బర్గ్‌కే చెందిన క్లాసెన్ 1904లో వెల్లడించెను: పీపాలలో నిదానముగా పెరుగు మరొక ఈస్టే ఆ రుచికి మూలము. ‘బ్రిటిషు శిలీంధ్రము’ అను అర్థములో దానికి బ్రెటానోమైసిస్ అని పేరు పెట్టెను. కోపెన్‌హేగన్‌లో శత్రువనదగినది లండనులో మిత్రమైనది!

1970ల చివర నుండి అమెరికాలో పెరిగిన చిన్న బీరు కర్మాగారములు పాత రుచులను వెదకికొనుచు ఈ బ్రెటానోమైసిస్‌ను కోరి వాడసాగినవి. అయినను వానిలో అనేకము దానికి ప్రత్యేకముగా పీపాలను, గొట్టములను కేటాయించుకొనును. పొరపాటున ఒక్క కణము ప్రక్క తొట్టిలో పడెనా, హాన్సెన్ నాటి జబ్బు మరల రాగలదు.