కొండకర్ల చిరునామాలో పాలనా పదాలు: ఒక పరిశీలన

అనకాపల్లి జిల్లా, అచ్యుతాపురం మండలంలోని కొండకర్ల బయటివారికి ప్రధానంగా తన ఆవ వల్ల పరిచితమైన గ్రామం. ఆ మంచినీటి సరస్సుకు వలస వచ్చే పక్షుల మాట అటుంచితే, ఊరి చిరునామాలోని పాలనా పదాలు కూడా దూరదేశాల నుండి, దూరకాలాల నుండి వచ్చినవే.

'మండలం' సంస్కృతంలో వలయం. వేంగీమండలం, చోళమండలం అన్నప్పుడు అది రాజ్యమంతటి భూభాగం. 1985లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం తాలూకాల స్థానంలో మండలాలను ఏర్పరచినపుడు, అదే పదం కొద్దిపాటి గ్రామాల సముదాయానికి కుదించుకుపోయింది. ప్రాచీనత ధ్వనించే పేరుతో వచ్చినది నిజానికి సరికొత్త వ్యవస్థ.

రద్దయిన 'తాలూకా' కథ ఇందుకు భిన్నం. అరబీ మూలంలో దానికి సంబంధం అని అర్థం. కచేరీ పోయినా, 'పెళ్ళికూతురి తాలూకు వారు' అనే తెలుగు వాడుకలో ఆ మూలార్థమే నేటికీ పలుకుతున్నది. 'సర్కారు' మరొక దారి పట్టింది. మొగలుల కాలంలో అది సుబాకు, పరగణాకు నడిమి విభాగం. అనకాపల్లి ప్రాంతం చికాకోల్ సర్కారులో ఉండేది. 1765 ఫర్మానాతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి దక్కాయి. నేడు 'సర్కారు బడి' అనేవారికి ఆ విభాగం స్ఫురించదు, ప్రభుత్వమే స్ఫురిస్తుంది.

పరిశోధకుడిని ఎక్కువగా తప్పుదారి పట్టించేది మాత్రం 'జిల్లా'. పక్కటెముక, పార్శ్వం అనే అర్థాల అరబీ పదం అది. మూలార్థాన్ని ఎవరూ తలచరు గనుక దానితో చిక్కు లేదు. పేరు నిలిచి హద్దులు కదలడమే చిక్కు. 1936లో ఒరిస్సా ఏర్పడినపుడు విశాఖపట్నం జిల్లా జయపురం ప్రాంతాన్ని కోల్పోయి, గంజాంలోని తెలుగు భాగాలను పొందింది. 1950లో శ్రీకాకుళం, 1979లో విజయనగరం జిల్లాలు ఏర్పడ్డాయి. ఇన్ని మార్పులలోనూ కొండకర్ల చిరునామాలో జిల్లా పేరు మారలేదు. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడినపుడే మారింది. కనుక 1931 జనగణనలోని 'విశాఖపట్నం జిల్లా' అంకెలను 1951 అంకెల పక్కన నేరుగా నిలిపితే, జయపురం కొండల ప్రజలు జనాభా క్షీణతగా కనిపిస్తారు. 2011 అంకెలతో నేటి అనకాపల్లిని అధ్యయనం చేయదలచినవారు కొండకర్లను విశాఖపట్నం పట్టికలలోనే వెదకాలి.