అమ్ముగూడ బలరాం ముచ్చట

దగ్గరికి జరగండ్రా. ఆ మొద్దు ఇంకింత లోపలికి నెట్టు. కిన్నెరసాని దిక్కు నుంచి గాలి లేచిందంటే మన ఊర్ల మంట కాడి నుంచి ఎవ్వరూ లేవరు. ముచ్చట పెట్టనీకి ఇదే అదను.

ఇందాకటి నుంచి చిన్నోడు సెల్లుల అమెరికా వాళ్ల ఫుట్‌బాల్ చూస్తుండు. నేను కూడ తొంగి చూసిన. బంతి కోడిగుడ్డు లెక్క ఉంది, చేత్తో విసురుతుండ్రు. పేరుకు ఫుట్‌బాల్, కాలితో పని తక్కువ. అండ్ల వైడ్ రిసీవర్ అని ఒకడుంటడట. గీత అంచున నిలబడి, సైగ అందంగనే ఉరుకుడే. విసిరేటోడు కూడ వాడున్న కాడికి విసరడు, వాడు చేరబోయే కాడికి విసురుతడు. ఇద్దరి లెక్క కుదిరితేనే బంతి చేతికందేది.

అండ్ల మొనగాడు జెర్రీ రైస్ అని చిన్నోడే చెప్పిండు. మిసిసిపీ రాష్ట్రంల తాపీమేస్త్రి కొడుకు. ఎండాకాలం నాయిన ఎంట పనికి పోయి, కిందికెళ్లి అన్నదమ్ములు ఇటుకలు విసురుతుంటే పైన పట్టేటోడు. చేతులకు పట్టు అట్లొచ్చింది. 1985ల మొదలుపెట్టి 20 సీజన్లు ఆడిండు. 1,549 సార్లు బంతి పట్టి 22,895 గజాలు సాధించిండు. అయితే అందరి రాతా అట్లుండదు. ఆ ఆటల సగటున మూడు నాలుగేండ్లకే చాలామంది పని అయిపోతది. మోకాలు పోతది, భుజం పోతది, లేకుంటే ఇంకో పడుచోడు వస్తడు.

22,895 గజాలంటే ఎంతరా? 21 కిలోమీటర్ల లోపే. భద్రాచలం నుంచి పాల్వంచ దాక కూడ రాదు. మన బలరాం రోజూ ఆటకు రానుపోను సైకిల్ మీద అంతకంటె ఎక్కువే తొక్కేటోడు. ఏ బలరాం అంటరా? అదే నా బాధ. ఇనండి చెప్త.

తులసీదాస్ బలరాం. సికింద్రాబాద్ కాడ అమ్ముగూడ. 1936ల పుట్టిండు, లేనోళ్ల పిల్లగాడు. అప్పట్ల హైదరాబాద్ల ఫుట్‌బాల్ అంటే సయ్యద్ అబ్దుల్ రహీం. బడి పంతులు, హైదరాబాద్ సిటీ పోలీస్ టీముకు గురువు. 1950 నుంచి 1954 దాక వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పు ఆ టీమే తెచ్చింది. ఆ రహీం సాబ్ కంట పడ్డడు బలరాం. ప్రాక్టీసుకు రమ్మంటే, సైకిల్ కిరాయికి పైసల్లేవన్నడట. ఆ కిరాయి రహీం సాబే ఇచ్చిండు. గురువంటే అట్ల ఉండాలె.

ఇరవై యేండ్లు నిండినయో లేదో, 1956ల మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు పోయిండు. ఆ ఏడు మనోళ్లు ఆస్ట్రేలియాను 4-2తో కొట్టి సెమీఫైనల్ దాక పోయిండ్రు, నాలుగో స్థానంల నిలిచిండ్రు. తర్వాత బలరాం కలకత్తా పోయి ఈస్ట్ బెంగాల్‌కు ఆడిండు, కెప్టెన్ కూడ అయిండు. 1960 రోమ్ ఒలింపిక్స్‌ల హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్ కొట్టిండు. రెండు ఆటలూ ఓడినం గని, హంగరీ లాంటి గట్టి జట్టు మీద మనం ఓడింది 2-1 తేడాతోనే.

1962 జకార్తా ఆసియా క్రీడలప్పుడు నేను కొత్తగూడెం బొగ్గుబాయిల కొత్తగా చేరిన. షిఫ్టు దిగి హోటల్ల పేపరు చుట్టూ మూగేటోళ్లం. ఒకడు చదివితే మిగిలినోళ్లం ఇనేది. ముందర ఆట చునీ గోస్వామి, ఒక అంచున పీకే బెనర్జీ, ఇంకో అంచున మన బలరాం. జపాన్ మీద 2-0తో గెలిచిండ్రు, అండ్ల ఒక గోల్ బలరాందే. ఫైనల్ దక్షిణ కొరియాతోటి. క్రీడల రాజకీయం వల్ల అక్కడి జనం మనోళ్ల మీద కోపంగా ఉండె, మైదానమంత ఒకటే ఎగతాళి అరుపులు. మన జట్టు జర్నైల్ సింగ్ నెత్తికి కుట్లు పడ్డయి, అయినా ఆడి గోల్ కొట్టిండు. పీకే ఒకటి కొట్టిండు. 2-1తో బంగారు పతకం. మల్ల ఇయ్యాల్టి దాక ఫుట్‌బాల్ల మనకు ఆసియా క్రీడల బంగారం రాలే.

ఆ ఏడే బలరాంకు అర్జున అవార్డు వచ్చింది. మరుసటేడు 1963ల రహీం సాబ్ క్యాన్సర్‌తోటి పోయిండు. అదే ఏడు బలరాంకు ఊపిరితిత్తుల జబ్బు పట్టుకుంది, డాక్టర్లు ఇంక ఆడొద్దన్నరు. అప్పటికి వయసు 27 లోపే. చూసిండ్రా, అంత పేరున్నోడి ఆట ఏడేండ్లల్ల ఒడిసింది.

ఆట ఒడిసింది గని బతుకు ఒడవలే. రైల్వేల నౌకరి చేసిండు, పిల్లలకు ఆట నేర్పిండు. పెండ్లి చేసుకోలే. హుగ్లీ ఒడ్డున ఉత్తర్‌పాడాల ఉన్నడు. పద్మ పురస్కారం రాలే. 2023 ఫిబ్రవరిల 86 యేండ్లకు కన్ను మూసిండు. రహీం సాబ్ మీద తీసిన ‘మైదాన్’ సినిమా 2024ల వచ్చింది, దాన్ని చూడనీకి బలరాం లేడు.

జెర్రీ రైస్ పేరు మీకు ఎరుకే, అది తప్పుకాదు. ఎక్కడోడైనా మంచి ఆటగాడు మంచి ఆటగాడే. కని ఏడేండ్లు ఆడి, అరవై యేండ్లు నిబ్బరంగ బతికిన మనోడి పేరు కూడ మీ నోట ఉండాలె. మీలో ఎవడన్న ఆటకు పోతే కాళ్ల మీద నమ్మకంతో పాటు చేతిల ఇంకో పని కూడ ఉంచుకోండి. సర్పంచును కలిసి, మన బడి వెనుక మైదానానికి బలరాం పేరు పెట్టమని అడగండి. ఆ దరఖాస్తు మీద మొదటి సంతకం నాది.