అందలుస్ ఉద్యాన శాస్త్రవేత్తలు – విద్యలో అమానత్

ముస్లిం నాటిన మొక్కనుండి మనిషిగాని, పక్షిగాని, పశువుగాని తిన్నది అతనికి సదఖా అవుతుందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) బోధించిన సంగతి మనకందరికీ తెలిసినదే. అందలుస్, అనగా ముస్లింల ఏలుబడిలోని స్పెయిన్, తోటలకు పేరుపొందిన దేశం. కాని మనవారు అల్‌హమ్రాను తలచుకొని నిట్టూర్చడమేగాని, ఆ తోటల వెనుకనున్న విద్యను గురించి విచారించడం తక్కువ.

11వ శతాబ్దంలో తులైతులా (నేటి టొలేడో) పాలకుడు అల్ మామూన్‌కు తాజో నది ఒడ్డున ఒక రాజోద్యానం ఉండేది. వైద్యుడైన ఇబ్నె వాఫిద్, ఆ తరువాత ఇబ్నె బస్సాల్ అక్కడ పనిచేశారు. ఇబ్నె బస్సాల్ హజ్ యాత్ర చేసి, దారిలో సిసిలీ, ఈజిప్టు దేశాల మొక్కలను, సేద్యపు పద్ధతులను పరిశీలించి వచ్చారు. 1085లో తులైతులా ఆరవ అల్ఫాన్సో వశమైంది. ఇబ్నె బస్సాల్ ఇష్బీలియా (సెవిల్) చేరి, అల్ ముతమిద్ ఆశ్రయంలో మళ్ళీ తోట పని చేపట్టారు. ఆయన గ్రంథంలో 16 అధ్యాయాలున్నాయి. నేలలను 10 రకాలుగా విభజించి, వాటి గుణాలను వివరించారు. ఎరువులు, అంటుకట్టడం, బావి త్రవ్వడం అన్నీ అందులో ఉన్నాయి. మనకు దక్కిన ప్రతిలో పూర్వ గ్రంథకర్తల పేరు ఒక్కటి కూడా కనబడదు. చెప్పినదంతా స్వానుభవమే.

12వ శతాబ్దం చివర అదే ఇష్బీలియాలో ఇబ్నుల్ అవ్వామ్ 'కితాబుల్ ఫిలాహా' వ్రాశారు. 585 రకాల మొక్కల ప్రస్తావన, 50కి పైగా పండ్లచెట్ల పెంపకం అందులో ఉన్నాయి. ఈయన మార్గం వేరు. ఇబ్నె వహ్‌షియా, ఇబ్నె హజ్జాజ్, అబుల్ ఖైర్, ఇబ్నె బస్సాల్ మొదలైనవారి మాటలను వారి వారి పేర్లతోనే ఉదహరించారు. నగరం ప్రక్కనున్న అష్షరఫ్ ప్రాంతంలో తాము స్వయంగా చేసి చూసినదానిని మాత్రం 'లీ' (నాది) అన్న మాటతో వేరుచేశారు.

అరబీలో రెండే అక్షరాలు. తొందరలో ఉన్న అనువాదకుడు దానిని వదిలివేసినా వాక్యం చెడదు. కాని అప్పుడు విన్నదేదో, కన్నదేదో పాఠకుడికి తెలియకుండా పోతుంది. మదర్సాలో హదీసు పాఠం చదివేనాడు సనద్ లేని మాటకు విలువ లేదని మాకు నేర్పారు. ఆ శిక్షణే ఇక్కడ మట్టికీ, ఎరువుకూ అన్వయించింది. నేటి శాస్త్రం ఒప్పుకోని మాటలు కూడా ఆ గ్రంథంలో లేకపోలేదు. అయితే అవి ఎవరి మాటలో తెలుస్తుంది గనుక పాఠకుడు మోసపోడు.

మాలఖాలో పుట్టిన ఇబ్నుల్ బైతార్ ఉత్తర ఆఫ్రికా, ఈజిప్టు, సిరియా దేశాలు తిరిగి 1248లో దమాస్కస్‌లో మరణించారు. మందులు, ఆహారపదార్థాలు సుమారు 1,400 ఆయన నిఘంటువులో అక్షరక్రమంలో ఉన్నాయి. దమాస్కస్ పరిసరాలలో మూలికలు సేకరించేటప్పుడు, ఫలానా మందు దియస్కోరిదెస్ గ్రంథంలో ఏ భాగంలో ఎన్నవదో కూడా చెప్పేవారని శిష్యుడైన ఇబ్నె అబీ ఉసైబియా వ్రాశారు. పూర్వుల పొరపాట్లను చూపడానికి కూడా ఆయన సంకోచించలేదు.

ఇబ్నుల్ అవ్వామ్ గ్రంథాన్ని బాంకేరి అనే స్పెయిన్ పండితుడు 1802లో స్పానిష్ అనువాదంతో మాడ్రిడ్‌లో ప్రచురించారు. 1864-67 మధ్య ఫ్రెంచి అనువాదం వెలువడింది. ఉర్దూలోకి కూడా అది వచ్చింది.

మన పూర్వులు అన్నీ కనిపెట్టారని వేదికలపై చెప్పుకోవడం సులభం. ఏ గ్రంథంలో, ఎవరు, ఎక్కడ అన్నారని అడిగితే చాలామందివద్ద సమాధానం ఉండదు. ఎవరిని పొగుడుతున్నామో, వారి పద్ధతికే అది విరుద్ధం. తమది కానిదానిని తమదని వారు చెప్పుకోలేదు. చేసి చూడనిదానిని చూశామనలేదు. వారి వారసులమని చెప్పుకొనే మనం ముందుగా ఆ అమానత్‌ను కాపాడుకోవాలి.